తప్పని తేలిన పాఠం పిల్లలకెందుకు?

పోయిన నెల ఇదే పేజీలో పరమాణువు ఎంత చిన్నదో నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు. ముందుగా ఒక్క మాట. బడి పుస్తకాల లెక్కన ఆటమ్ అంటే పరమాణువు, మాలిక్యూల్ అంటే అణువు. పత్రికలు అణుబాంబు, అణువిద్యుత్తు అని రాసేది మాత్రం పరమాణువు గురించే. ఇద్దరు పాఠకులు ఇక్కడే తికమక పడ్డారు. నేను బడి లెక్కే పాటిస్తాను.

ప్రశ్న: మావాడు తొమ్మిదో తరగతి. పరమాణువును విడగొట్టలేం అని డాల్టన్ అన్నట్టు ఒక పేజీలో ఉంది. తర్వాతి పేజీలో అందులోంచి ఎలక్ట్రాన్ బయటికొచ్చింది. థామ్సన్ బొమ్మ తప్పని రూథర్‌ఫర్డ్, ఆయన బొమ్మా నిలవదని బోర్. "అన్నీ తప్పులే అయినప్పుడు ఆఖరుది ఒక్కటే చెప్పొచ్చుగా, ఇన్ని బట్టీ పట్టించడం ఎందుకమ్మా?" అని అడుగుతున్నాడు. నాకు జవాబు తోచలేదు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయిని నా తరఫున మెచ్చుకోండి. ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. ఈ ప్రశ్న నోరు తెరిచి అడిగిన పిల్లలు పదిమంది కూడా ఉండరు. మిగతావాళ్లకు రాలేదని కాదు, అడిగితే ఏమంటారోనని మింగేశారు.

పుస్తకంలో నాలుగు బొమ్మలు వరసగా ఉంటాయి గానీ, ఒక్కో బొమ్మ వెనక ఎవరు ఏం తూచారో, ఏం లెక్కపెట్టారో ఉండదు. అందుకే అవి నాలుగు అభిప్రాయాల్లా కనబడతాయి. డాల్టన్ సంగతే చూడండి. ఇంగ్లండ్‌లో ఒక నేత కార్మికుడి కొడుకు. 1787లో మొదలుపెట్టి 1844లో కన్నుమూసేదాకా, యాభై ఏడేళ్లు రోజూ వాతావరణం రాసిపెట్టుకున్న మనిషి. గాలి, ఆవిరి, వాయువులు ఒకదానిలో ఒకటి ఎలా కలుస్తాయన్న ఆలోచనలోంచే ఆయన పరమాణువు దగ్గరికి వచ్చాడు.

ఆయన్ని ఆలోచనలో పడేసిన లెక్క ఇలాంటిది. పన్నెండు గ్రాముల కార్బన్ పదహారు గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఒక వాయువు, కార్బన్ మోనాక్సైడ్. అదే పన్నెండు గ్రాములు ముప్పై రెండు గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఇంకొకటి, కార్బన్ డయాక్సైడ్. పదహారు, ముప్పై రెండు. నడుమ ఇరవయ్యో, ఇరవై ఏడో ఎందుకు ఉండకూడదు? నూనె అయితే గిన్నెలో ఎంత కావాలంటే అంత పోసుకోవచ్చు. కొబ్బరికాయలు అలా కాదు, ఒకటి తీసుకోవాలి, లేదంటే రెండు. ఆక్సిజన్ కొబ్బరికాయల్లా కలుస్తోంది గానీ నూనెలా కాదు. 1808లో ఆయన అచ్చు వేసిన పుస్తకానికి ప్రాణం ఈ లెక్క.

కాబట్టి "విడగొట్టలేం" అన్న మాట ఆయన త్రాసుకు అందినంత మేరా నిజం. ఇవాళ్టికీ నిజమే. మీ పొయ్యి మీద గ్యాసు మండుతున్నప్పుడు కార్బన్ పరమాణువులు ఒకరిని వదిలి ఇంకొకరి చేయి పట్టుకుంటాయి. ఒక్కటీ పగలదు. ఆయన నిజంగా పొరబడింది వేరే చోట. నీటిలో హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి అనుకున్నాడు. దాంతో ఆక్సిజన్ హైడ్రోజన్‌కు ఏడు రెట్ల బరువని వేశాడు, అసలు పదహారు రెట్లు. ఆ చిక్కుముడి విప్పి పరమాణు బరువులు ఒక దారికి వచ్చేసరికి 1860 దాటింది. పాఠంలో చెప్పాల్సిన తప్పు ఇది. దీన్ని ఎవరూ చెప్పరు.

ఇక థామ్సన్. 1897లో గాలి తీసేసిన గాజు గొట్టంలో కేథోడ్ అనే రుణ విద్యుత్తు వైపు లోహపు పలక నుంచి వచ్చే కిరణాలను అయస్కాంతంతోనూ విద్యుత్తుతోనూ వంచి, ఎంత వంగాయో కొలిచాడు. లోపల ఏ వాయువున్నా, కేథోడ్ ఏ లోహమైనా అదే కణం వస్తోంది, హైడ్రోజన్ పరమాణువు కంటే వెయ్యి రెట్లకు పైగా తేలిక. ఆ కణానికి రుణ విద్యుత్తు ఉంది కాబట్టి దానికి సరిపడా ధన విద్యుత్తు ఎక్కడో ఉండాలి. ఎక్కడుందో చెప్పే కొలత అప్పటికి ఎవరి దగ్గరా లేదు. పరమాణువంతటా పరచుకుని ఉందనుకున్నాడు. మన పుస్తకాల్లో పుచ్చకాయ, గింజలు అని చెప్పేది దాన్నే. చేతిలో ఉన్న కొలతతో అంతకంటే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

మీవాడికి ఇలా చెప్పి చూడండి. బొమ్మ పక్కన పేరు రాసుకోవడంతో ఆగకుండా, ఆయన చేతిలో ఏముందో కూడా రాసుకోమనండి. త్రాసు, గాజు గొట్టం అలా. ఒక్కో కొత్త కొలత వచ్చినప్పుడు పాత బొమ్మలో ఏ భాగం చెక్కు చెదరలేదో, ఏది ఊడిపోయిందో వాడే చూసుకుంటాడు. "నాలుగు నమూనాలు గీయుము" అని నేను కూడా ఏళ్ల తరబడి ప్రశ్నపత్రాల్లో ఇచ్చాను. "థామ్సన్ ఎందుకలా అనుకోవాల్సి వచ్చింది?" అని ఇచ్చి ఉండాల్సింది. అలా ఇవ్వనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ప్రశ్న: పరమాణు సిద్ధాంతం మన కణాదుడిది. పాఠాల్లో గ్రీకుల పేరు ముందు చెప్పి, ఆయన్ని ఒక వాక్యంలో దాటేస్తున్నారు. ఇది న్యాయమా?
– ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఒక వాక్యంలో దాటేయడం న్యాయం కాదు. నేను ఒప్పుకుంటాను. అయితే "మనమే ముందు చెప్పాం" అని ఇంకో వాక్యం చేర్చినా ఆయనకు న్యాయం జరగదు. ఆయన ఏం చెప్పాడో, ఎందుకు చెప్పాడో పిల్లలకు అందాలి.

మా తాతగారు మిట్టమధ్యాహ్నం వేళ వంటింటి గవాక్షంలోంచి పడే ఎండ పొడను చూపించేవారు. అందులో నలకలు తేలుతూ తిరుగుతుంటాయి. "కంటికి ఆనేవాటిలో ఇదే ఆఖరుది. దీన్ని మూడు చేస్తే ద్వ్యణుకాలు, ఒక్కోదాన్ని రెండు చేస్తే పరమాణువులు" అనేవారు. కణాదుడి దారిలో నడిచిన వైశేషికుల లెక్క అదే. రెండు పరమాణువులు ఒక ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు ఒక త్ర్యణుకం. ఎండలో తేలే నలక త్ర్యణుకం. తాతగారు తర్కం చదువుకున్నది అన్నంభట్టు తర్కసంగ్రహంలో. "కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడు" అన్న నానుడి మీకు తెలియనిది కాదు. ఆ అన్నంభట్టు తెలుగువాడేనని పండితుల మాట.

విభజన ఎక్కడో ఆగాలి అనడానికి తార్కికులు చెప్పిన కారణం నాకు ఎంతో ఇష్టం. ముక్కలు చేయడానికి అంతే లేకపోతే ఆవగింజలోనూ అంతులేని ముక్కలు, మేరుపర్వతంలోనూ అంతులేని ముక్కలు. అప్పుడు రెండూ ఒకే పరిమాణం కావాలి. కాదు కనుక ఎక్కడో ఆగుతుంది. తరగతిలో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయేవారు.

గ్రీసులో డెమోక్రిటస్ చెప్పింది మన వాళ్లు చెప్పినదానికి నకలు కాదు, మనది ఆయనదానికీ నకలు కాదు. ఆయన పరమాణువులకు రంగు, రుచి లేవు. ఆకారం, పరిమాణం, అమరిక, అంతే. మన వైశేషికుల పరమాణువులకు గుణాలున్నాయి. పృథ్వి పరమాణువుకు గంధం, అంటే వాసన; జల పరమాణువుకు రసం, అంటే రుచి. రెండూ వేర్వేరు ఆలోచనలు. పక్కపక్కన పెట్టి చెబితే రెండింటికీ వెలుగు వస్తుంది.

ఒక్క తేడా మాత్రం దాచకుండా చెప్పాలి. ఎండ పొడలో నలక ఆరు పరమాణువులని లెక్క. మిల్లీమీటరులో వందో వంతు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న నలకలో ఉండేవి పదుల లక్షల కోట్లు. తర్కం విభజన ఆగుతుందని చెప్పగలిగింది, ఎక్కడ ఆగుతుందో చెప్పలేకపోయింది. అది చెప్పడానికి ఇంకో రకం ఓపిక కావాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లో పెరిన్ అనే ఆయన చిత్రకారులు పసుపురంగుకు వాడే ఒక చెట్టు బంకను నీళ్లలో నూరి, ఒకే పరిమాణం ఉన్న రేణువులను వేరు చేశాడు. ఒక కిలో బంకతో మొదలుపెడితే నెలల తర్వాత పనికొచ్చేవి గ్రాములో కొన్ని పదో వంతులు మిగిలాయి. వాటిని నీటి బొట్టులో వదిలి, ఏ ఎత్తులో ఎన్ని తేలుతున్నాయో సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. నీటి అణువులు తోస్తేనే అవి అడుగుకు చేరకుండా తేలుతున్నాయి. 1908లో మొదలైన ఆ లెక్కల్లోంచి, ఇంత పదార్థంలో ఇన్ని అణువులుంటాయన్న సంఖ్య వచ్చింది. అప్పటిదాకా పరమాణువులంటే ఉత్త ఊహ అని వాదించిన ఆస్ట్‌వాల్డ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త ఆ పనులు చూసి, తన మాట వెనక్కి తీసుకుని అచ్చులో ఒప్పుకున్నాడు. ఎండలో నలకను చూపించిన తాతగారికి ఈ కథ చెప్పే అవకాశం నాకు రాలేదు.

ప్రశ్న: నేను కంసాలిని. మా నాన్న పట్టెడ మీదే నా పనీ. బంగారాన్ని ఎంత కొడితే అంత సాగుతుంది. అలా కొడుతూ పోతే ఒక్క పరమాణువు మందం రేకు వస్తుందా? మా పాప పాఠంలో బంగారు రేకు ప్రయోగం అని ఉంది. బంగారమే ఎందుకు తీసుకున్నారు?
– ఒక పాఠకుడు, జగ్గయ్యపేట

జవాబు: ఆచారి గారూ, మీ ఉత్తరం చదివి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. గురిగింజెత్తు బంగారం అంటే సుమారు 0.12 గ్రాములు. దాన్ని ఒక్క పరమాణువు మందాన పరచగలిగితే 24 చదరపు మీటర్లు వస్తుంది. మీ పాత లెక్కలో దాదాపు 29 చదరపు గజాలు. ఒక గురిగింజతో పెద్ద గది నేలంతా కప్పేయవచ్చు.

మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర వాడిన రేకు మందం సెంటీమీటరులో లక్షకు నాలుగు వంతులు. అదే గురిగింజెత్తును అంత పలచన చేస్తే మీ అరచేతికంటే కాస్త పెద్ద ముక్క అవుతుంది. అందులో సుమారు పదిహేను వందల పరమాణువుల పొరలు. బంగారమే ఎందుకంటే, జవాబు మీ చేతికే తెలుసు. చిరగకుండా అంత పలచన అయ్యే లోహం ఇంకొకటి లేదు. పైగా దాని పరమాణువు చాలా బరువైనది. ప్లాటినం లాంటి ఇతర లోహాల రేకులూ వాడారు గానీ పేరు బంగారానికి దక్కింది.

ఇంతకీ వాళ్లు చేసిందేమిటి? రేడియం నుంచి వచ్చే, ధన విద్యుత్తు ఉన్న ఆల్ఫా కణాలను, సెకనుకు 15,000 కిలోమీటర్లకు మించిన వేగంతో, రేకు మీదికి పంపారు. అవతల జింక్ సల్ఫైడ్ పూసిన చిన్న తెర. కణం తగిలిన చోట మిణుకుమని ఒక చుక్క వెలిగి ఆరిపోతుంది. దాన్ని మనిషి కన్నే చూడాలి, మనిషి నోరే లెక్కపెట్టాలి. ముందు చీకటి గదిలో చాలాసేపు కూర్చుని కళ్లను చీకటికి అలవాటు చేసుకోవాలి. తర్వాత సూక్ష్మదర్శినిలోకి చూస్తూ ఒకటి, రెండు, మూడు. రూథర్‌ఫర్డ్ రెండు నిమిషాలకే విసుగెత్తి తిట్టుకుంటూ లేచిపోయానని ఒక మిత్రుడికి రాశాడు. ఆయన సహాయకుడు గైగర్ మాత్రం రాత్రంతా కూర్చునేవాడట. 1909లో గైగర్‌కు తోడుగా మార్స్‌డెన్ అనే కుర్రవాడు చేరాడు. వయసు ఇరవై, డిగ్రీ కూడా పూర్తి కాలేదు. రేకు దాటి వెళ్లేవాటిని చూస్తున్నాం కదా, వెనక్కి తిరిగి వచ్చేవి ఏమైనా ఉన్నాయేమో చూడమని రూథర్‌ఫర్డ్ వాడికి పని అప్పగించాడు. ఏమీ ఉండవనే అనుకున్నాడు.

ఉన్నాయి. ప్లాటినం రేకు మీద సుమారు 8,000 కణాలకు ఒకటి వెనక్కి వచ్చింది.

అది ఎందుకంత వింతో చెబుతాను. ఆల్ఫా కణం ఎలక్ట్రాన్‌కు ఏడు వేల రెట్లకు పైగా బరువు. పది టన్నుల లారీకి ఒక టెంకాయ ఎదురైనట్టు. లారీ వెనక్కి వస్తుందా? పుచ్చకాయ గుజ్జులా పరచుకున్న ధన విద్యుత్తుకూ అంత బలం చాలదు. రూథర్‌ఫర్డ్ దాదాపు రెండేళ్లు దీని మీదే ఆలోచించాడు. 1911లో తేల్చి చెప్పాడు. పరమాణువు బరువంతా, ధన విద్యుత్తంతా నడిమిన ఒక్క చిన్న చోట ఇమిడి ఉండాలి. ఆ చోటే కేంద్రకం. బంగారం కేంద్రకం రెండు మిల్లీమీటర్ల ఆవగింజ అనుకుంటే పరమాణువు నలభై మీటర్ల మేర ఉంటుంది. బరువు తూగేదంతా ఆ గింజే. మిగతా ఆవరణంలో 79 ఎలక్ట్రాన్లు. పైన మాస్టారికి చెప్పిన ఆవగింజ ఇక్కడ మళ్లీ ఎదురైంది చూడండి.

ఆ మాట చెప్పి ఊరుకోలేదు. ఏ కోణంలో ఎన్ని కణాలు వంగాలో సూత్రం కట్టి ఇచ్చాడు. గైగర్, మార్స్‌డెన్ మళ్లీ చీకట్లో కూర్చుని లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టి, 1913లో సూత్రం సరిపోయిందని అచ్చు వేశారు. లక్ష! కళ్లతో!

ఇక మీ అసలు ప్రశ్న. సుత్తితో కొడితే పరమాణువు అణగదు, పొర మీద పొర జారి రేకు సాగుతుంది. అలా కొన్ని వందల పొరల దాకా పోవచ్చు. ఒక్క పొర దాకా సుత్తి తీసుకెళ్లలేదు. కానీ 2024లో స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయంలో ఒక్క పరమాణువు మందం బంగారు రేకు చేశారు. టైటానియం కార్బైడ్ పొరల నడుమ బంగారాన్ని ఒక్కో పొరగా ఇమిడ్చి, చుట్టూ ఉన్న కార్బైడ్‌ను ఒక ద్రావకంతో కరిగించేశారు. ఆ ద్రావకం కొత్తది కాదు. జపాన్‌లో ఉక్కు కత్తులు చేసేవాళ్లు వందేళ్లకు పైగా వాడుతున్నదే. పనివాళ్ల దగ్గరి రహస్యం ప్రయోగశాలకు దారి చూపింది. ఈ సంగతి మీ పాపకు మీరే చెప్పండి.

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తి కోల్పోయి లోపలికి పడిపోవాలి అని చదివాను. బోర్ "పడదు" అన్నాడు. పడదంటే సరిపోతుందా మేడమ్? మా లెక్చరర్‌ను అడిగితే పరీక్షకు అక్కర్లేదన్నారు.
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: సరిపోదమ్మా. నేను డిగ్రీలో ఇదే అడిగితే నాకూ అదే జవాబు వచ్చింది, ఇంటికొచ్చి ఏడ్చాను. నీ సందేహం సబబైనదే. పాత సూత్రాల ప్రకారమైతే సెకనులో కొన్ని వేల కోట్ల వంతులోనే ఎలక్ట్రాన్ పడిపోవాలి. ఎలక్ట్రాన్ కొన్ని నిర్ణీత శక్తి స్థాయిల్లోనే ఉంటుందని, స్థాయి మారినప్పుడే వెలుగిస్తుందని బోర్ అన్నాడు. రూథర్‌ఫర్డ్ కూడా ఆయనకు ఉత్తరం రాశాడు: ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి దూకే ఎలక్ట్రాన్, తాను ఏ పౌనఃపున్యంతో వెలుగివ్వాలో ముందే ఎలా నిర్ణయించుకుంటుంది అని.

మరి జనం బోర్‌ను ఎందుకు నమ్మారు? ఒక బడిపంతులు వల్ల. స్విట్జర్లాండ్‌లో బాసెల్ ఊళ్లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే బామర్, 1885లో, తన అరవయ్యో ఏట, హైడ్రోజన్ వెలుగులోని నాలుగు రంగు గీతల తరంగదైర్ఘ్యాల కొలతలు ముందు వేసుకున్నాడు. 656, 486, 434, 410 నానోమీటర్లు. 364.56 అనే ఒక్క సంఖ్యను 9/5తో, 16/12తో, 25/21తో, 36/32తో గుణిస్తే నాలుగూ వచ్చాయి. కాగితం తీసుకుని ఇప్పుడే గుణించి చూడు. పైన మూడు, నాలుగు, అయిదు, ఆరు వర్గాలు. కింద వాటిలోంచి రెండు వర్గం, అంటే నాలుగు తీసేయడం. ఎందుకలా వస్తోందో ఆయనకూ తెలియదు. 1913లో బోర్ స్థాయిలు పెట్టి లెక్క కడితే ఆ సూత్రం తనంతట తాను వచ్చింది, ఆ 364.56తో సహా. ఎలక్ట్రాన్ రెండో స్థాయికి దిగినప్పుడు వచ్చే వెలుగు అది. "పడదు" అన్నది మొండిమాటే. దాని వెంట వచ్చిన అంకెలు మాత్రం గట్టివి.

ఎందుకు పడదో జవాబు 1920లలో వచ్చింది. ఎలక్ట్రాన్‌కు గీత గీసినట్టు ఒక దారే లేదు. ష్రోడింగర్ 1926లో రాసిన సమీకరణం దాన్ని అలగా చూసింది. అలను మరీ చిన్న చోట కుక్కితే దాని శక్తి పెరిగిపోతుంది, అందుకే ఒక హద్దు దాటి కుంచించుకోదు. నీ పుస్తకంలోని గుండ్రటి కక్ష్యలను చిరునామాల్లా చూడు, రోడ్డుల్లా చూడకు.

నేను ఎమ్మెస్సీ వాల్తేరులో చదివాను. వర్ణపట పరిశోధనకు, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూసే పనికి, పేరున్న చోటు. చీకటి గదిలో హైడ్రోజన్ గొట్టం వెలిగించి, స్పెక్ట్రోమీటర్ కంటికి ఆనించి మెల్లగా తిప్పుతుంటే, నల్లటి చీకట్లోంచి సన్నని ఎర్ర గీత ఒకటి నడిచి వచ్చి ఎదుట నిలబడింది. చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ 656 అంతకుముందు నాకు పుస్తకంలో అంకె.

నువ్వు హైడ్రోజన్ గొట్టం కోసం ఆగక్కర్లేదు. పాత సీడీ ఒకటి, పాత సీఎఫ్ఎల్ బల్బు ఒకటి వెతుకు. రాత్రి గదిలో మిగతా దీపాలు ఆర్పేసి, బల్బు వెలుగు సీడీ మీద పడేలా వాలుగా పట్టుకుని రంగులు చూడు. తర్వాత బల్బు ఆర్పి కొవ్వొత్తితో చూడు. కొవ్వొత్తికి రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, బల్బుకు విడివిడిగా నిలబడతాయి. ఎన్ని విడి రంగులు లెక్కకొచ్చాయో, ఏ రంగు పక్కన ఏది ఉందో నాకు రాయి.